జఠరరసమును కంట చూచిన గ్రంథము

అజీర్ణమనగానే ‘కడుపులో ఆమ్లము ఎక్కువైనది’ అనుట లోకమున అలవాటు. ఈ మాటలో నిజమెంతయో తెలియగోరు ఉపాధ్యాయుడు ఒక పాత పుస్తకమును విప్పి చూడవచ్చును. అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్ జఠరరసముపై తాను చేసిన ప్రయోగములను 1833లో ప్రచురించిన గ్రంథమది.

1822 జూన్ 6న మాకినాక్ ద్వీపములో తుపాకి ప్రేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకుని ఎడమప్రక్క గాయమైనది. గాయము మానినను కడుపులోనికి ఒక రంధ్రము మిగిలిపోయినది. 1825 ఆగస్టు 1న బోమాంట్ మాంసపు ముక్కలు, రొట్టె, పచ్చి క్యాబేజి పట్టుదారమునకు కట్టి ఆ రంధ్రము గుండా దింపి, గంటకొకసారి పైకి లాగి చూచినాడు. తరువాత రసమును సీసాలోనికి తీసి, శరీరపు వేడిమిలో ఉంచి, అందులోను మాంసము కరుగుట చూపినాడు. స్పలాంజాని మున్నగువారు ఇట్టి ప్రయోగములు మునుపే చేసినారు; కాని బ్రతికియున్న మనుష్యుని కడుపును ఇన్నేండ్లు గమనించినవారు లేరు.

మిక్కిలి విలువైనవి కడుపు చెడిన దినముల పుటలు. మార్టిన్ మితిమీరి త్రాగినప్పుడు లోపలిపొర ఎర్రబారి, అక్కడక్కడ పూతవంటి మచ్చలు కనిపించినవి. అతనికి మాత్రము బాధ తెలియలేదు! జ్వరము వచ్చినప్పుడు రసము ఊరుట తగ్గినది. అనగా చెడిన కడుపులో బోమాంట్ చూచినది ఆమ్లాధిక్యము కాదు, రసలోపము.

నేటి వైద్యము ఈ చూపును చాలవరకు సమర్థించుచున్నది. దీర్ఘకాలికాజీర్ణముతో బాధపడు పలువురిలో ఆమ్లము మామూలుగానే ఊరును. ఎండోస్కోపుతో చూచినను పుండు కనబడదు. అయినను ఆంత్రమూలము సున్నితమైనచో ఆ మామూలు ఆమ్లమే మంట పుట్టింపవచ్చును. కనుకనే ఆమ్లమును తగ్గించు మందులు కొందరికి గుణమిచ్చును, కొందరికి ఇయ్యవు. ఇక 1982లో వారెన్, మార్షల్ కనుగొన్న హెలికోబాక్టర్ పైలోరి సూక్ష్మజీవి సంగతి బోమాంట్ ఊహకు అందనిది.

గ్రంథములో లోపములు లేకపోలేదు. ఉడికిన అన్నమునకు ఒక గంట, కాల్చిన పందిమాంసమునకు అయిదుంబావు గంటలు అని ఆయన ఇచ్చిన పట్టిక ఒక్క మనుష్యుని కడుపు లెక్క. పైగా కడుపు దాటుట వేరు, జీర్ణమగుట వేరు. అన్నములోని పిండిపదార్థము ముఖ్యముగా చిన్నప్రేగులో జీర్ణమగును. లాలాజలము తడుపుటకు తప్ప మరెందుకును పనికిరాదనుట కూడ పొరపాటే. ఆమ్లముతో కలిసి మాంసమును కరిగించు పెప్సిన్‌ను ష్వాన్ 1836లో గాని కనుగొనలేదు.

మార్టిన్ పడిన పాట్లకు గ్రంథములో చోటు తక్కువ. తొలి ప్రయోగమే అతనికి అజీర్ణము తెచ్చినది. మరునాడు కడుపులో బాధ, తలనొప్పి, నీరసము అని బోమాంటే వ్రాసికొనినాడు. 1832 ఒప్పందము ప్రకారము అతనికి ముట్టవలసినది ఏడాదికి 150 డాలర్లు. 1880లో అతడు మరణించినప్పుడు, శవము వైద్యుల చేతికి చిక్కకుండ కుటుంబమువారు చాల లోతుగా పాతిపెట్టినారు.