చేతిపనుల కళాశాల: ప్లాను యెక్కడ మొదలుపెట్టాలి?

సంప్రదాయ చేతిపనులు నేర్పడానికి ఒక కళాశాల కట్టాలంటే ప్లాను యెక్కడ మొదలుపెట్టాలి? యిది ఇంజనీర్లు తేల్చుకోవలసిన సాంకేతిక ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. కాదని నా వాదం. చేతికీ బుద్ధికీ మధ్య మన సమాజం కట్టిన గోడను ఆ భవనం పడగొడుతుందా, లేక సున్నం కొట్టి నిలబెడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

సాధారణంగా జరిగేది మనకు తెలుసు. ప్రిన్సిపాలు గది, ఉపన్యాసశాల, ప్రదర్శనశాల ముందు వస్తాయి. పనిశాల వెనక రేకుల షెడ్డులోకి పోతుంది. పట్టా వున్న అధ్యాపకుడికి గదీ కుర్చీ. పట్టా లేని పనివాడికి ఆ షెడ్డులో ఒక మూల. జీతాల తేడా ఇటుకల్లో కూడా కనబడుతుంది.

1966 వుద్యమంలో ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ మా ఉక్కునగరం పక్కనే వున్నది. అక్కడ అప్రెంటిసు పని నేర్చుకునేది యంత్రం దగ్గర. కొలిమిని తరగతి గదికి తీసుకురమ్మని యెవరూ అనరు. మరి చేతిపని దగ్గరికి వచ్చేసరికి యీ యింగితం యేమవుతున్నది?

యిక్కడికి నైరుతి దిక్కున, వరాహ నది వొడ్డున వున్న ఏటికొప్పాకను తీసుకుందాం. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను ఆరబెట్టి, లేతు మీద తిప్పుతూ వులితో చెక్కుతారు. రంగు కలిపిన లక్కను తిరుగుతున్న కర్రకు ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. భవనం ప్లాను యీ నాలుగు మాటల్లోనే వున్నది. కర్ర ఆరడానికి వాన తగలని, గాలి ఆడే సావిడి కావాలి. వులి అంచు కనబడే వెలుతురు కావాలి. చెక్కపొడి వూపిరితిత్తుల్లోకి పోకుండా బయటికి లాగే యేర్పాటు కావాలి. గింజలనుంచీ, వేళ్లనుంచీ, ఆకులనుంచీ రంగు తీయడానికి పొయ్యిలూ నీళ్లూ కావాలి. గురువు పక్కన కూర్చుని అతని మణికట్టు కదలికను చూసేంత చోటు శిష్యుడికి కావాలి. ఉపన్యాసశాల వద్దనడంలేదు, అది వీటి తర్వాత.

కలంకారీ సంగతీ అంతే. శ్రీకాళహస్తిలో 1957లో అఖిల భారత హస్తకళల బోర్డు దానికి శిక్షణ కేంద్రం పెట్టింది. ఆ బట్టను మళ్లీ మళ్లీ పారే నీళ్లలో వుతకాలి. అంటే యేరు కూడా ఆ బడిలో ఒక గదే. ఆ తరగతిని నాలుగో అంతస్తులో పెట్టేవాడికి పని అర్థం కాలేదన్నమాట.

మనకు పూర్వరంగం లేకపోలేదు. 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనులను కూడా నేర్పింది. గుమాస్తాలను తయారుచేసే చదువు మీద అదొక తిరుగుబాటు. అయితే ఆశయం వొక్కటే చాలదు. జర్మనీలో 1919లో గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ కళాకారుడికీ పనివాడికీ మౌలికమైన భేదం లేదని ప్రకటించింది. 1926లో డెస్సౌలో ప్రారంభించిన భవనంలో పనిశాలలకు అద్దాల గోడలు పెట్టింది. గొప్ప అడుగే. కాని అంతకుముందు వైమార్‌లో ప్రతి పనిశాలకూ రూపం నేర్పే ఆచార్యుడొకడూ, పని నేర్పే మేస్త్రీ ఒకడూ వుండగా, ఆచార్యుల మండలిలో మేస్త్రీకి వోటు లేదు. అద్దాల గోడ పనిని చూపగలదు. పనివాడికి అధికారం యివ్వలేదు.

మరోవైపు, పెంకుల కప్పూ చెక్కిన స్తంభాలూ పెడితే సంప్రదాయం దక్కిందనుకునే కళాభిమానులున్నారు. పాత చేతి లేతు మీద ఒకరు వులి పట్టుకుంటే మరొకరు తాడు లాగేవారు. కరెంటు లేతు ఆ చాకిరీని తప్పించింది. దాన్ని చూసి కన్నీరు కార్చేవారు ఒక పూట ఆ తాడు లాగి చూడాలి. సంప్రదాయంలో నైపుణ్యమే కాదు, కులం వేసిన తలుపులు కూడా వున్నవి. పని యే కులం పిల్లలకైనా, ఆడపిల్లలకైనా నేర్పగలిగితేనే అది కళాశాల, లేకపోతే మ్యూజియం.

కాబట్టి విద్యార్థులూ అధ్యాపకులూ అడగవలసినవి మూడున్నవి. ప్లానులో మొదటి గీత పనిచోటు చుట్టూ గీయాలి. ఆ ప్లానును ఆమోదించే సంఘంలో పనివాళ్లకు వోటు వుండాలి. నేర్పే మేస్త్రీకి అధ్యాపకుడి హోదా, జీతం యివ్వాలి. యీ మూడూ లేకుండా యెంత అందమైన భవనం కట్టినా, దాని వెనక మళ్లీ ఒక రేకుల షెడ్డు లేస్తుంది.