చెరువులో ఎవరి పక్కన ఎవరు?

వానలు పడి చెరువుల్లోకి నీళ్లు రాగానే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల మత్స్య సహకార సంఘాల్లో ఒకటే చర్చ: ఈ ఏడు మన చెరువుకు పిల్ల ఎన్ని లక్షలు వస్తుంది? 2016-17లో ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ లక్షల లెక్క ఇంకా ముదిరింది. దానికంటే ముందు అడగాల్సింది ఒకటుందని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. మన చెరువులో ఇప్పటికే ఏముంది, దాని పక్కన ఏ చేప, ఏ సైజులో బతుకుతుంది?

అసలు చేపను ఎంచుకుని పెంచడమన్నదే పాత సంగతి కాదు. వరదల్లో నదిలో దొరికిన పిల్లను కుండలో పట్టుకొచ్చి వదిలే రోజుల్లో ఆ కుండలో బొచ్చె ఎంతో, దాన్ని మింగే చేప ఎంతో తేల్చడం కష్టం. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి మన నది చేపలతో గుడ్లు పెట్టించారు. ఏ జాతి పిల్ల కావాలంటే ఆ జాతి పిల్లను విడిగా తెచ్చుకునే దారి ఆ తర్వాతే పడింది. ఏటా ఆ తేదీన చేప రైతుల దినోత్సవం జరుపుతున్నాం. మన చెరువు గట్ల మీద కూడా ఆయన పేరు వినబడాలి.

పిల్లను గుర్తుపట్టడం నాకు మా పెద్దనాయన నేర్పాడు. సంచిలోంచి నాలుగు పిల్లల్ని తెల్ల గిన్నెలోకి తీసి, "నోరు చూడు బిడ్డా, యాడ తింటదో అదే చెప్తది" అనేవాడు. బొచ్చెకు తల పెద్దది. కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. పైనీళ్లలో తేలే సన్నపురుగు దాని తిండి. రవ్వకు పెదవి అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. నడిమి నీళ్లలో నాచు, నానిన ఆకు గీరుకుని తింటుంది. మృగాల సన్నగా సాగి, నోరు కిందికి ఉండి, అడుగు బురదలో మెతుకు వెతుక్కుంటుంది. మూడూ ఒకే చెరువులో ఉన్నా ఒకదాని తిండి జోలికి ఇంకొకటి పెద్దగా పోదు. మీసాలున్న బంగారు తీగ అలా కాదు. అడుగంతా తవ్వి నీళ్లు కలక చేస్తుంది, మట్టిగట్టునూ వదలదు. గుర్రపుడెక్క కాకుండా మెత్తటి నీటిగడ్డి పెరిగే చెరువైతే గడ్డిచేప పనికొస్తుంది. వెండి చేపను మాత్రం బొచ్చె ఉన్న చోట వదలొద్దంటాను. రెంటికీ పైనీళ్లే మేత, ఆ పోటీలో బొచ్చె ఎదగదు.

ఇంతవరకు ఎవరైనా చెప్తారు. నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది సైజు. ఉచిత పంపిణీలో ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు, రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల ఇస్తారు. దీని వెనక గట్టి కారణమే ఉంది. ఎండాకాలం అడుగు పగుళ్లిచ్చిన చెరువులో మింగే చేప మిగలడం అరుదు, చిన్న పిల్లయినా నిలదొక్కుకుంటుంది. నీళ్లు నిలిచే చెరువులో వాలుగ, జెల్ల, కొర్రమట్ట ముందే కాపురముంటాయి. వేలెడు లేని పిల్లను అందులో వదిలితే వాటికి పెట్టుబడి లేని మేత. అదే పిల్ల జానెడైతే అవే చేపల పక్కన తిరుగుతుంది. కాబట్టి ఫలానా చేపకూ ఫలానా చేపకూ పడదు అని జాతి పేరుతో తేల్చేస్తే సగమే చెప్పినట్టు.

కల్వకుర్తి ఎత్తిపోతలతో శ్రీశైలం వెనక జలాలు ఎల్లూరు నుంచి నాగర్‌కర్నూల్ వైపు చెరువులకు చేరుతున్నాయి. ఒకప్పుడు వేసవికి ఎండిన చెరువులో ఇప్పుడు మడుగైనా మిగులుతోంది. కాలువ నీటితో పాటు పిలవని చేపలూ వస్తాయి. ముఖ్యంగా జిలేబి. 1952లో మన దేశానికొచ్చిన ఈ చేప పిల్లల్ని నోట్లో దాచి పెంచుతుంది, ఏడాదికి ఎన్నో ఈతలు ఈని చెరువంతా నింపేస్తుంది. అలాంటి చెరువును ఇంకా పాత లెక్కలోనే చూసి చిన్న పిల్ల దించితే నష్టపోయేది సంఘం సభ్యుడే. జిలేబి ముంచెత్తిన కుంటలో మాత్రం కొర్రమట్టే మేలు చేస్తుంది, ఆ పిల్లల్ని తిని సంఖ్య తగ్గిస్తుంది. మన రాష్ట్ర చేపను ఎప్పుడూ దొంగగానే చూడనక్కర్లేదు.

రొయ్య సంగతి ఇంకా సున్నితం. మంచినీటి నీలకంఠ రొయ్య గుడ్డు నుంచి వచ్చిన లార్వా బతకడానికి ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకే మన నీళ్లలో పెరుగుతుంది గానీ సంతానం నిలవదు, ఏటా కొత్త పిల్ల తేవాల్సిందే. పెరగాలంటే గుల్ల విడవాలి. విడిచిన కొన్ని గంటలు ఒళ్లు మెత్తగా ఉంటుంది. అప్పుడు చేపే కాదు, తోటి రొయ్య కూడా తినేస్తుంది. రొయ్య వేసే కుంటలో అడుగున తిరిగే మృగాల, బంగారు తీగ మానేసి బొచ్చె, రవ్వ ఉంచుకోవాలి. దాక్కోవడానికి కొబ్బరి మట్టలో, వెదురు కొమ్మలో అడుగున వేయాలి.

ఇళ్లలో సముద్రపు అక్వేరియం పెట్టుకునేవారికీ ఇదే లెక్క. చేపల ఒళ్లు శుభ్రం చేసే క్లీనర్ రొయ్యను ట్రిగ్గర్ చేప ఉన్న గాజుతొట్టిలో వేస్తే ఎక్కువ రోజులు దక్కదు. కానీ సముద్రం నుంచి తెచ్చిన పగడాలు, సముద్రపు గుర్రాలు అమ్మజూపితే కొనకండి. 2001 నుంచి వాటికి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది.

వనపర్తి జిల్లా పెబ్బేరులో 2017లో మత్స్య కళాశాల వచ్చింది. అక్కడి విద్యార్థులు మే నెలలో ఒక్కో చెరువులో వల వేయించి, ఏ చేప, ఏ సైజులో పడిందో రాసి సంఘానికి ఇస్తే ఎంత బాగుంటుంది! అది జరిగేదాకా సంఘాలే ఆ పని చేసుకోవాలి. చేపపిల్లల లారీ రావడానికి వారం ముందు తూము దగ్గర, కట్ట వారన, గడ్డిలో విసురువల వేయండి. ఒక్క వాలుగ పడినా 40 మిల్లీమీటర్ల పిల్ల దించుకోకండి, పెద్ద పిల్ల కావాలని మత్స్యశాఖకు రాతపూర్వకంగా అడగండి.