మట్టిలో కలిసే కుండీలు - నీటి లెక్క

కూరగాయల నారు పెంచుటకు ప్లాస్టిక్ కప్పులకు బదులుగా కొబ్బరి పీచు, కాగితపు గుజ్జు, చలిదేశముల బురదనేలలలో నాచు మాగి ఏర్పడు పీట్ మొదలగువానితో చేసిన కుండీలు వాడుకలోనికి వచ్చినవి. మొక్కను కుండీతో సహా నాటవచ్చును. వేరు కదలదు, చెత్త మిగులదు. ఈ సుగుణములు నిజమే. కాని వీనికి కూడ "రోజుకొకసారి నీరు పోసిన చాలును" అని చెప్పు సలహా మాత్రము పరీక్షకు నిలువదు. అది ప్లాస్టిక్ కప్పునుబట్టి పుట్టిన లెక్క.

కారణమును వేసవిలో మంచినీళ్ల కుండయే చెప్పును. కుండ గోడలోని సన్నని రంధ్రములగుండా నీరు ఊరి ఆవిరియగుటచేతనే లోని నీరు చల్లబడును. పీచు కుండీ గోడయు నీటిని ఇట్లే బయటికి లాగును. 6 సెంటీమీటర్ల వ్యాసము, అంతే ఎత్తు గల కుండీలో మట్టి పైతలము సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. చుట్టుగోడ సుమారు 113. ప్లాస్టిక్ కప్పులో మొదటిదే గాలికి తెరచియుండును. పీచు కుండీలో రెండును. నష్టము సరిగా అన్ని రెట్లు ఉండునని కాదు. ఎండ, గాలి, గోడ మందములను బట్టి మారును.

పీట్ కుండీతో మరొక చిక్కు కలదు. పూర్తిగా ఎండిన పీట్ నీటిని సులభముగా పీల్చదు. పైనుండి పోసిన నీరు అంచు సందున జారి అడుగునకు పోవును. నీరు పోసినను నారు వాడును. నింద విత్తనముపై పడును. అట్లని మాటిమాటికి కుమ్మరించినచో నారుకుళ్ళు తెగులునకు అనుకూలమగును.

ఉపాయములు కష్టమైనవి కావు. కుండీలను పళ్లెములో ఒకదానినొకటి తాకునట్లు అమర్చినచో గోడలకు గాలి తగులుట తగ్గును. పళ్లెములో నీరు పోసి, పైమట్టి తడిసి నల్లబడగానే మిగిలిన నీటిని పారబోయవలెను. మరల ఎప్పుడు పోయవలెనో గడియారము చెప్పదు. కుండీని చేతితో ఎత్తి చూచిన బరువే చెప్పును. నాటుటకు ముందు కుండీని బాగుగా నానబెట్టవలెను. ఎండిన గోడను లేతవేళ్లు చీల్చుకొని పోలేవు. అంచును పూర్తిగా మట్టితో కప్పవలెను, లేదా త్రుంచివేయవలెను. పైకి మిగిలిన అంచు దీపపు వత్తివలె వేళ్లవద్దనున్న తడిని పీల్చి గాలికి అర్పించును.

కావున లోపము కుండీది కాదు, దానితో వచ్చు సలహాది. "మట్టిలో కలియును" అని ముద్రించుచోటనే "గోడ కూడ నీరు త్రాగును" అని మరొక వాక్యము చేర్చినచో ఎంతో నారు దక్కును.