జస్టిస్ పార్టీకి ఒక్క పేరు చాలునా?

మన ధర్మపురి తెలుగు కుటుంబములలో పెద్దలు నలుగురు కూడినచోట జస్టిస్ పార్టీ ప్రసక్తి వచ్చినచో వాదము చెలరేగుట కద్దు. అది తెల్లదొరలకు కొమ్ముకాసిన జమీందారుల కూటమి యని ఒకరందురు. కాదు, బ్రాహ్మణేతరులకు చదువును కొలువును సంపాదించిపెట్టిన సంస్కరణ పక్షమని మరియొకరందురు. అది తెలుగువారి పార్టీ, తమిళదేశమునకు దానితో పనిలేదను మూడవ మాటయు వినవచ్చుచున్నది. తరతరములుగా ఇంట తెలుగును వీధిలో తమిళమును పలుకుచున్న మనము ఈ మూడవ మాటను విని ఊరకుండరాదు. కావున ఈ మూడు తీర్పులను పరిశీలింప పూనుకొంటిమి.

కడపటి దానినే ముందుగా చూతము. 1916లో చెన్నపట్టణమున ఈ సంస్థకు పునాది వేసినవారిలో పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు, టి. ఎం. నాయర్ మలయాళి, నటేశ మొదలియార్ తమిళుడు. ‘జస్టిస్’ అను ఇంగ్లీషు పత్రికతోపాటు తమిళమున ‘ద్రావిడన్’, తెలుగున ‘ఆంధ్రప్రకాశిక’ దాని వాణిని వినిపించెను. అయినను ఆ మాటకు బొత్తిగా ఆధారము లేకపోలేదు. 1921లో పానగల్ రాజా ప్రధానిగా ఏర్పడిన మంత్రివర్గమున ముగ్గురును తెలుగు వైపువారేయని తమిళ సభ్యులు ఆక్షేపించిరి. 1923లో శివజ్ఞానం పిళ్ళెను మంత్రిగా తీసికొనిరి. కాని అదే సంవత్సరమున ఆ మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు! తెలుగువారి పార్టీని తెలుగువాడే కూలద్రోయ నేల పూనుకొనెను? ఆ తగవుకు మూలము భాషయొక్కటియే కాదని దీనివలన తేలుచున్నది.

ఇక జమీందారుల కూటమి యను తీర్పు. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించెను. ఆస్తిగల కొలదిమందికే ఓటుండెను. ఆ స్థితిలోనే ఈ పక్షము అధికారమునకు వచ్చినమాట నిజము. అయినను పార్టీయంతయు జమీందారులదే యనుటకు వీలులేదు. 1930లో ప్రధానియైన బొల్లిని మునుస్వామి నాయుడుగారికి జమీందారులతో పొసగలేదు. 1932లో ఆయన తొలగగా బొబ్బిలి రాజా ఆ పదవిని చేపట్టెను. జమీందారుల పైచేయి ఆనాడు స్పష్టమయ్యెను. 1937లో ప్రజలు పార్టీని ఓడించిరి. బొబ్బిలి రాజాయే వి. వి. గిరిగారి చేతిలో ఓడిపోయెను. కావున ఈ తీర్పు 1932 తరువాతి కాలమునకు చక్కగా అతుకును గాని అంతకు పూర్వమునకు సగమే అతుకును.

సంస్కరణ పక్షమను వారి చేతిలోను గట్టి సాక్ష్యములున్నవి. 1921లో ఉద్యోగములలో కులమతములవారీ వాటాల ఉత్తరువు వెలువడెను; ఆ సంవత్సరముననే స్త్రీలకు ఓటుహక్కును చెన్నపురి శాసనసభ అంగీకరించెను. దేవాదాయముల చట్టము, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆ పాలనాకాలమునకు చెందినవే. అయినను ఆదిద్రావిడుల నాయకుడైన ఎం. సి. రాజా, తనవారికి న్యాయము జరుగలేదని 1923లో పార్టీని వీడెను. న్యాయమను పేరు పెట్టుకొన్న పక్షమునకు ఇంతకంటె కఠినమైన విమర్శ లేదు. దీనిని దాచి సంస్కరణను మాత్రమే పొగడుట చరిత్ర కాజాలదు.

మా అభిప్రాయమేమనగా, ఇరువదియెనిమిది సంవత్సరముల చరిత్రకు ఒకే ముద్ర వేయబూనుటయే దోషము. ఏ కాలమున, ఏ విషయమున, ఎవరి మేలునకు అని ప్రశ్నించినగాని పక్షముల స్వభావము తెలియదు. ఉద్యోగముల విషయమున సంస్కర్తలు, రాజ్యాధికార విషయమున రాజభక్తులు, అట్టడుగువారి విషయమున వెనుదీసినవారు ఒకే గొడుగు క్రింద నుండిరి.

1944లో ఈ పార్టీ ద్రావిడ కజగముగా మారినది సేలంలోనే. ధర్మపురి ఆనాడు సేలం జిల్లాలోనిది. 1965లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు. కావున ఈ కథ మన ముంగిట జరిగినదే. మనవారు ఏలిరని గర్వించుటకు గాని, పరాయివారి పాలన యని ఎవరైన అన్నప్పుడు తలవంచుటకు గాని అది మనకు అక్కరలేదు. అందలి మేలులో మనకు పాలున్నట్లే లోపములోను పాలున్నది. పిల్లలు అడిగిన నాడు రెండింటిని కలిపి చెప్పగలిగినచో, ఈ నేల చరిత్రలో మన చోటును గూర్చి మనము ఎవరితోను వాదింప పనియుండదు.