జంతువులకు ఆత్మ ఉన్నదా? కతోలిక బోధపైన, మన తెలుగు మాటపైన ఒక విమర్శ

జంతువులకు ఆత్మ ఉందని కతోలికులు బోధిస్తారని కొందరు సేవకులు, లేదని బోధిస్తారని మరికొందరు బల్లగుద్ది చెప్పడం మనం వింటూనే ఉన్నాం. రెండు మాటలలోను కొంత నిజం ఉన్నది, రెండూ తప్పుదారి పట్టించేవే. ఒక సంఘపు బోధను విమర్శించే ముందు ఆ సంఘం ఏమి చెప్పినదో సరిగా తెలుసుకొనడం న్యాయం. ఆ తరువాత మన తెలుగు బైబిలు వైపు కూడా చూడవలసి ఉంటుంది. ఎందుకనగా ఈ చిక్కుముడిలో సగం అక్కడే పడింది.

నూజివీడు ప్రాంతంలో ఇది పుస్తకాలకు పరిమితమైన ప్రశ్న కాదు. మామిడి తోటలో కాపలా ఉండే కుటుంబానికి కుక్క ఇంటి మనిషితో సమానం. కనుమనాడు హిందూ రైతు తన ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి పూజిస్తుంటే, ప్రక్కింటి క్రైస్తవ రైతు బిడ్డ "మన ఎద్దు పరలోకానికి వస్తుందా అయ్యగారూ?" అని కాపరిని అడుగుతాడు. "దానికి ఆత్మ లేదు నాయనా" అని ఒక్క ముక్కలో తేల్చివేస్తున్నాం. ఆ జవాబుకు వాక్యాధారం ఎంత?

కతోలిక ఆలోచనకు నేటికీ బలమైన పునాది 13వ శతాబ్దానికి చెందిన థామస్ అక్వినాస్. అరిస్టాటిల్‌ను అనుసరించి ఆయన, బ్రదికి ఉన్న ప్రతిదానికి 'అనిమా' ఉందన్నాడు. ఈ లాటిను మాటకు దేహాన్ని బ్రదికించే మూలతత్వమని అర్థం. చెట్టుకున్నది పెరుగుదలనిచ్చే అనిమా. జంతువుకున్నది ఇంద్రియజ్ఞానాన్ని కూడా ఇస్తుంది. మనుష్యునిది వివేచన గలది. ఆ లెక్కన మన చిన్నరసం చెట్టుకు కూడా అనిమా ఉన్నట్టే! మరి కొమ్మను అంటుకడితే వేరే చెట్టవుతున్నది గదా, అనిమా రెండు ముక్కలైనదా అని తోట రైతు అడగవచ్చు. అక్వినాస్‌కు ఈ ప్రశ్న కొత్తది కాదు. చెట్టు అనిమా వాస్తవంలో ఒకటే, సాధ్యతలో అనేకం అని ఆయన జవాబు. మనుష్యుని ఆత్మ అలా పంచబడేది కాదు. జంతువు విషయంలో ఆయన వాదం సూటిగా ఉంటుంది. అది చేసే ప్రతి పనీ దేహం ద్వారానే జరుగుతుంది గనుక దేహంతోపాటే దాని అనిమా నశిస్తుంది (సుమ్మా థియోలాజికా, 1వ భాగం, 75వ ప్రశ్న, 3వ అధికరణం). మనుష్యుని వివేచన ఏ అవయవంపైనా ఆధారపడనిది గనుక అతని ఆత్మ నిలుస్తుంది. కాబట్టి కతోలిక బోధ "లేదు" అనదు. "ఉన్నది, కాని అమర్త్యమైనది కాదు" అంటుంది.

పోపులు దీనిని మార్చివేశారని అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. 1990 జనవరి 10న రెండవ జాన్ పాల్ పోపు చేసిన ప్రసంగం అలాగే ప్రచారమైంది. జంతువులకు కూడా దేవుడిచ్చిన ఊపిరి ఉన్నదని లేఖనాలు చెబుతున్నాయని, ఆ విషయంలో మనుష్యుడు వాటితో పాలివాడని మాత్రమే ఆయన అన్నారు. 2014 చివరలో పోపు ఫ్రాన్సిస్ పరలోకపు తలుపు జంతువులకు తెరిచారన్న వార్తయైతే, ఎన్నడో ఆరవ పౌలు పోపు అన్నట్టు చెప్పుకొనే మాటను ఆయనకు అంటగట్టినది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక దానిని ప్రచురించి, తరువాత సవరణ వేసుకొనవలసి వచ్చినది. 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం (2416–2418) జంతువులపట్ల దయ చూపుమంటుంది, మనుష్యులకే చెందవలసిన ప్రేమను వాటిపై పెట్టవద్దంటుంది. వాటి పరలోకం ఊసు అక్కడ లేదు.

ఇక విమర్శ. అక్వినాస్ దేహ పునరుత్థానాన్ని గట్టిగా నమ్మినవాడు, అది మరువరాదు. అయినను జంతువుల దగ్గరకు వచ్చేసరికి నిరీక్షణను పునరుత్థానంపై గాక ఆత్మకున్న సామర్థ్యంపై కొలిచాడు. ఆయన రచనలనుండి శిష్యులు కూర్చిన సుమ్మా అనుబంధం (91వ ప్రశ్న), నూతనపరచబడిన లోకంలో మొక్కలు, జంతువులు ఉండవంటుంది. 2015లో ఫ్రాన్సిస్ రాసిన 'లౌదాతో సీ' 243వ పేరా, రూపాంతరం పొందిన ప్రతి సృష్టికి అక్కడ చోటుంటుందంటుంది. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుందో ఆ లేఖ వివరించదు. నా మట్టుకు నాకు, తర్కం తక్కువైనా ఆ లేఖయే లేఖనాలకు దగ్గరగా తోస్తున్నది. పౌలు అక్షయతను ఆత్మ స్వభావంలో వెదకలేదు, క్షయమైనదానికి దేవుడు ధరింపజేసేదానిలో చూశాడు (1 కొరింథీ 15:53).

అయితే కతోలికులను తప్పుపట్టి మనం తప్పించుకొనలేము. ఆది. 2:7లో మనుష్యుని గూర్చి వాడిన 'నెఫెష్ హయ్యా' అనే హెబ్రీ మాటనే 2:19లో జంతువులకూ వాడారు. మన తెలుగు బైబిలులో మొదటి చోట 'జీవాత్మ' అని, రెండవ చోట 'జీవముగల' అని ఉన్నది. పన్నెండు వచనాల దూరంలో ఒకే మాట రెండైనది! ప్రసంగి 3:21లో ఇంకా స్పష్టం. హెబ్రీలో మనుష్యునికి, మృగానికి 'రూవహ్' అనే ఒకే మాట. తెలుగులో నరులకు 'ఆత్మ', మృగాలకు 'ప్రాణము'. ప్రసంగి తెరచి ఉంచిన ప్రశ్నను అనువాదం మూసివేసినది. ఆ తెలుగు వచనం చదివి "చూశారా, జంతువులకు ఆత్మ లేదు" అని బోధించడం ఎంతవరకు సబబు?

మన దేశంలో 'ఆత్మ' అనే మాట వట్టి మాట కాదు. నేడు ఎద్దులో ఉన్నది రేపు మనిషిలో పుట్టవచ్చునన్న పునర్జన్మ భావం దానివెంట వస్తుంది. జంతువుకు ఆత్మ ఉందంటే ఆ భావాన్ని ఒప్పుకొన్నట్టు, లేదంటే అది వట్టి వస్తువన్నట్టు వినేవారికి ధ్వనిస్తుంది. గొడ్డుమాంసం తిన్నందుకు మాటలు పడే మన దళిత విశ్వాసులకు ఇది మరింత సూటిగా తగులుతుంది. తమ తిండిని సమర్థించుకొనడానికి జంతువుకు ఏమీ లేదనవలసిన అవసరం వారికి లేదు. ఆది. 9లో జంతువులను ఆహారంగా ఇచ్చిన దేవుడే, అదే అధ్యాయంలో వాటితోను నిబంధన చేశాడు.

నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి ద్వారా చిరపరిచితులైన సెవెన్త్‌డే అడ్వెంటిస్టులు, మనుష్యునికి జీవాత్మ ఉండడం కాదు, మనుష్యుడే జీవాత్మ అంటారు. మృతులు నిద్రిస్తున్నారన్న వారి బోధతో నేను ఏకీభవించను (ఫిలిప్పీ 1:23). కాని ఆది. 2:7ను చదవడంలో వారు మనకంటె జాగ్రత్తగా ఉన్నారు.

జాన్ వెస్లీ 1781లో రాసిన 'సార్వత్రిక విమోచన' అనే ప్రసంగంలో రోమా 8 ఆధారంగా జంతువులకు కూడా మేలైన స్థితి నిరీక్షించాడు. ఆ ప్రసంగం మన సంఘాలలో ఎందుకో అంతగా వినబడదు. అయినను వెస్లీ వెళ్లినంత దూరం నేను వెళ్లలేను. పౌలు అక్కడ సృష్టి అన్నాడు, ఫలానా ఎద్దు, ఫలానా కుక్క అనలేదు. సృష్టి నాశన దాస్యమునుండి విడిపింపబడుతుందని పిల్లవానికి నిశ్చయంగా చెప్పవచ్చును, అతని ఎద్దును గూర్చి వాగ్దానం చేయలేము. ప్రసంగి 3:21 బోధించవలసి వచ్చినప్పుడు మాత్రం రెండు చోట్లా 'ఊపిరి' అని చదివి వినిపించి, ఆ ప్రశ్నను ప్రశ్నగానే ఉంచవచ్చును.