చందా కోసం చెప్పిన కథ

మిషనరీ సాహిత్యాన్ని మన విమర్శకులు రెండే విధాల చూశారు. కొందరికది సేవాచరిత్ర, కొందరికి సామ్రాజ్యవాదపు కరపత్రం. రెండు తీర్పులూ తేలికైనవే. ఆ సాహిత్యం ఎవరిని ఉద్దేశించి పుట్టింది, ఎవరి డబ్బుతో బతికింది అని అడగనిదే దాని స్వభావం తేలదు.

విదేశానికి పోయే మిషనరీ తనను పోషించే సంఘాలు తిరిగి ప్రసంగించాలి, చందాలు పోగుచేయాలి. ఆధునిక మిషన్‌కు పునాది ఈ చందాయే. 1792లో విలియం కేరీ తన గ్రంథంలో వారానికొక పెన్నీ చందాను సూచించాడు. అదే ఏడు కెట్టరింగ్‌లో బాప్టిస్టు మిషన్ పుట్టిననాడు రాసుకున్న మొత్తం 13 పౌన్లు, 2 షిల్లింగులు, 6 పెన్నీలు. అంటే సామాన్యుల చిల్లర డబ్బే ఆధారం. అది రాలాలంటే వినేవాడి గుండె కరగాలి. ఈ అవసరమే కథకు రూపం దిద్దింది: అక్కడ చీకటి, ఇక్కడ దీపం, నడుమ డబ్బు కొరత.

తెలుగు మిషన్ చరిత్రే ఇందుకు నిదర్శనం. 1853లో ఆల్బనీ సభలో నెల్లూరు మిషన్‌ను మూసేయాలా అన్న చర్చ వచ్చినప్పుడు ఎస్. ఎఫ్. స్మిత్ దాన్ని ఒంటరి నక్షత్రంతో పోల్చి గేయం రాశాడు. మిషన్ బతికింది. కాని పటం మీది ఆ చుక్కలో వాడలు లేవు, వెట్టి లేదు, మనుషులు లేరు.

ఒంగోలు క్లౌ దొర 1872లో అమెరికా వెళ్ళి, రామాపట్నం వేదపాఠశాల మూలధనం కోసం సంఘాలు తిరిగాడు. లక్ష్యం 50,000 డాలర్లు. 1873లో ఆ దేశాన్నే ఆర్థిక సంక్షోభం కుదిపింది. ఇచ్చినవారూ ఇబ్బందుల్లో ఉన్నవారే. వారి త్యాగాన్ని వెక్కిరించడం అభ్యుదయం కాదు.

ఆయన ఆత్మకథ ఆయన మరణానంతరం, 1914లో వెలువడింది. దాన్ని అక్షరబద్ధం చేసింది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. చందా అడగనక్కరలేని ఈ పుస్తకంలో కథ మారుతుంది. మతం మారిన మాదిగలు చచ్చిన గొడ్డు మాంసం మానడం, ఆదివారం పని మానడం, జాతరకు డప్పు కొట్టకపోవడం గ్రామ పెద్దలకు ఎందుకు కంటగింపయిందో ఇందులో తెలుస్తుంది. అది దేవుళ్ళ తగాదా కాదు, శ్రమమీది పెత్తనం తగాదా. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా, పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. స్వదేశపు సంఘాలకు ఆ అంకె అద్భుతం. మనకు ముఖ్యమైంది దాని వెనుక ఉన్న కాలువ, కూలి, కలిసి పనిచేసిన జనం.

పుస్తకానికి పరిమితి ఉంది. జనం ఆకలితో చస్తుండగా ధాన్యాన్ని ఓడలకెక్కించిన ప్రభుత్వ నీతిని అది గట్టిగా నిలదీయదు. తాళ్ళకొండపాడు మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య క్లౌ కంటే ముందు వాడవాడా తిరిగినవాడు. అతడి మాట కూడా దొర నోటి మీదుగానే మనకు చేరుతుంది. చందా ఇచ్చినవాడికి శ్రోతగా చోటుంది, కథకు ప్రాణమైనవాడికి వక్తగా చోటు లేదు. ఈ అసమానతే ఆ సాహిత్యపు అసలు లోపం.

కనుక ఈ గ్రంథాలను పారేయరాదు, పూజించరాదు. అంకెల పక్కన కూలిరేట్లను, అద్భుతాల పక్కన వెట్టిని పెట్టి చదవాలి. వాడల్లో మిగిలిన జ్ఞాపకాలను సేకరించి వాటితో సరిపోల్చాలి. పేరయ్య చరిత్రను పేరయ్య వైపు నుంచి రాయడం మన విద్యార్థుల ముందున్న పని.