జుట్టు ఎవరి చేతిలో? – ఇద్దరు సైరంధ్రులు, కేశసంరక్షణ, వైకల్యం

వ్యాససంగ్రహం:
తెలుగుకావ్యాలు పొడవైన జుట్టును ప్రధానంగా వర్ణనావస్తువుగా చూశాయి. ఆ జుట్టును దువ్వి, చిక్కుతీసి, అల్లే శ్రమ వర్ణన వెనుకే ఉండిపోయింది. నెల్లూరు కవి తిక్కన విరాటపర్వంలోని సైరంధ్రి, పోతన దశమస్కంధంలోని కుబ్జ ఇతరుల అలంకరణకు శ్రమపడిన స్త్రీలు. వారిలో కుబ్జ వైకల్యంతో జీవించిన స్త్రీ. వైకల్యం ఉన్న స్త్రీ పొడవైన జుట్టును ఉంచుకోవాలనుకున్నప్పుడు ఎదురయ్యే ప్రశ్నలను నెల్లూరు తీరప్రాంత జీవనం నేపథ్యంలో గుర్తించి, వాటి వెలుగులో ఈ రెండు పాత్రలను పునఃపఠించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: కేశసంరక్షణ, వైకల్య అధ్యయనాలు, సైరంధ్రి, కుబ్జ, తిక్కన, నెల్లూరు తీరం, స్త్రీవాదవిమర్శ.

1. ఉపోద్ఘాతం:
‘జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది’ అని తెలుగు సామెత. కలిగినవారికి అన్నీ చెల్లుతాయన్నది దాని ధ్వని. అయితే జుట్టు ఉంటే చాలు, కొప్పు పెట్టే చేయి కూడా ఉన్నట్లేనని ఈ సామెత ముందే అనుకుంటుంది. చేయి పైకి లేవని స్త్రీ, ఒక చేతికి పక్షవాతం వచ్చిన స్త్రీ, మంచం దిగలేని స్త్రీ ఈ సామెత పరిధిలోకి రారు. వారికి జుట్టు ఉంటుంది, కొప్పు మాత్రం మరొకరి చేతిలో ఉంటుంది.

‘వాడి జుట్టు నా చేతిలో ఉంది’ అనే జాతీయం మరో దిక్కునుంచి ఇదే విషయాన్ని పట్టిస్తుంది. ఒకరి జుట్టు మరొకరి చేతిలో ఉండడమంటే ఒకరు మరొకరికి లొంగి ఉండడమే. తల్లి జడవేసే చేయి, దుశ్శాసనుడు జుట్టుపట్టి ఈడ్చిన చేయి రెండూ జుట్టునే పట్టుకుంటాయి. సంరక్షణకూ ఆధిపత్యానికీ మధ్య ఉన్న ఈ సన్నని గీత వైకల్యంతో జీవించే స్త్రీకి నిత్యానుభవం. సాహిత్యం ఆ గీతను ఎలా చూసిందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. తీరప్రాంతంలో తలదువ్వే పని:
ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వంటి నెల్లూరు తీరగ్రామాల్లో పొడవైన జుట్టును కాపాడుకోవడం ఏ స్త్రీకైనా శ్రమే. ఉప్పుగాలి, చెమట, ఇసుక జుట్టును బిరుసెక్కిస్తాయి. బోరునీరు ఉప్పదేరిన చోట తలంటుకున్నాక వెంట్రుకలు మరింత చిక్కుపడతాయి. కొబ్బరినూనె రాయడం, కుంకుడుకాయలు నానబెట్టి రసం తీయడం, తలరుద్దడం, నీళ్లు పోయడం, ఆరబెట్టడం, కొసలనుంచి మొదలుపెట్టి చిక్కుతీయడం, పాయలు తీసి అల్లడం – ఇన్ని పనులు కలిస్తే ఒక జడ. దువ్వెనకు వచ్చిన చిక్కువెంట్రుకలను కూడా పారేయకుండా చుట్టిపెట్టి, వీధిలోకి వచ్చే వ్యాపారికి ఇచ్చి సామాను తీసుకునే అలవాటు ఆంధ్రదేశమంతటా ఉంది. జుట్టుకు విలువ ఉందని ఇంటి ఆడవారికి తెలుసు. ఆ విలువ వెనుక పనిగంటలు ఉన్నాయనీ తెలుసు.

ఈ పనుల జాబితాను వైకల్యం దృష్టితో చదివితే కొన్ని భావనలు తారుమారవుతాయి. మొదటిది చూపుకు సంబంధించినది. జడ వీపువెనుక అల్లుకునేది కనుక కళ్లున్న స్త్రీ కూడా దాన్ని చూడకుండానే అల్లుకుంటుంది. పాయల బిగువు, మెలిక, కొస వేళ్లకే తెలుస్తాయి. కాబట్టి అంధత్వం జడకు అడ్డంకి కాదు. జడ స్పర్శజ్ఞానంతో సాగే విద్య. అసలు అవరోధం భుజానిది, మణికట్టుది, పట్టుది. మూడు పాయలకు రెండు చేతులు కావాలి. ఆ చేతులు కొంతసేపు తలవెనుక నిలిచి ఉండాలి.

రెండవది విధానానికి సంబంధించినది. చేతులు పైకి ఎత్తలేనివారు జుట్టును భుజంమీదుగా ముందుకు తెచ్చుకుని పక్కజడ అల్లుకోగలరు. ఒక చేయి మాత్రమే పనిచేసేవారు పొడవైన పిడి ఉన్న దువ్వెనతో దువ్వి, క్లిప్పుతో బంధించుకోగలరు. ఎక్కువ సమయం మంచంమీద ఉండేవారికి వెనుకజడ తలకింద ఒత్తుకుంటుంది. వారికి చెవులకు ఇరువైపులా రెండు జడలు మేలు. చక్రాలకుర్చీ వాడేవారు కొసను పైకి మడిచి ముడివేయకపోతే అది చక్రంలో చిక్కుకునే ప్రమాదం ఉంది. ‘ఈ దేహానికి పొడవైన జుట్టు పనికిరాదు’ అనే తీర్పు తరచుగా దేహంనుంచి రాదు. ఒకే రకమైన జడను, ఒకే రకమైన చేతిని ప్రమాణంగా తీసుకున్న అలవాటునుంచి వస్తుంది. దేహంలోని లోపానికీ, ఆ లోపాన్ని అశక్తతగా మార్చే సామాజిక ఏర్పాటుకూ మధ్య వైకల్య అధ్యయనాలు చూపే భేదానికి జడ ఒక స్పష్టమైన ఉదాహరణ.

3. తిక్కన సైరంధ్రి – పనిచేసే చేయి:
మనుమసిద్ధి ఆస్థానకవిగా 13వ శతాబ్దంలో నెల్లూరులో జీవించిన తిక్కన, భారతరచనను విరాటపర్వంతో ప్రారంభించి మిగిలిన పదిహేను పర్వాలనూ పూర్తిచేశాడు. తెలుగువిమర్శ విరాటపర్వాన్ని నాటకీయతకూ, పాత్రోచిత సంభాషణకూ, కీచకవధ ఘట్టానికీ ఎక్కువగా మెచ్చుకుంది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రం ఆ కథను సామాన్యప్రేక్షకులకు మరింత చేరువచేసింది. అయితే ఈ పర్వాన్ని కేశసంబంధమైన పర్వంగా చదవడానికీ అవకాశముంది. అర్జునుడు జడవేసుకుని బృహన్నల అవుతాడు. ద్రౌపది ఇతరుల జుట్టు అలంకరించే సైరంధ్రి అవుతుంది. కీచకుడు ఆమెను నిండుకొలువులో పరాభవిస్తాడు. వ్యాసమూలంలో అతడు పట్టుకున్నదీ ఆమె జుట్టునే.

వ్యాసమూలంలో సైరంధ్రి సుధేష్ణతో చెప్పుకునే అర్హతలు గమనించదగినవి. జుట్టు తీర్చడం, మైపూతలు నూరడం, మాలలు కట్టడం తనకు తెలుసంటుంది. అంతకుముందు సత్యభామనూ ద్రౌపదినీ కొలిచానంటుంది. కూచిపూడి భామాకలాపంలో తెరమీదుగా కనిపించే సత్యభామ జడ తెలుగువారి ఊహలో పొడవైన జుట్టుకు పరమోదాహరణ. ఆ జడ ఎవరు వేశారన్న ప్రశ్న కలాపంలో రాదు. భారతంలోని సైరంధ్రి కల్పించి చెప్పిన ఈ మాట అనుకోకుండానే ఆ ప్రశ్నకు తావిస్తుంది: ప్రతి సత్యభామ జడవెనుకా ఒక సైరంధ్రి ఉంటుంది.

సైరంధ్రి తన పనికి హద్దులు కూడా పెడుతుంది. ఎంగిలి తినదు, కాళ్లు కడగదు. సేవచేసేవారి గౌరవానికి సంబంధించిన షరతులివి. అనంతరం ఆమె భీముడికి చందనం నూరి కాయలుకాచిన తన చేతులను చూపుతుంది. భీముడు ఆ చేతులను ముఖానికి ఆనించుకుని ఏడుస్తాడు. అలంకరణ అనే మాట వెనుక కాయలుకాచిన చేతులున్నాయని ఇతిహాసం ఇక్కడ ఒప్పుకుంటుంది. వైకల్యమున్న కూతురికి ఏళ్లతరబడి తలంటి జడవేసే తల్లి భుజంనొప్పిని చదవడానికి సాహిత్యం ఇచ్చిన ఆధారం ఇదే.

అదే ద్రౌపది ఉద్యోగపర్వంలో, రాయబారానికి బయలుదేరే కృష్ణుడికి తన జుట్టు చూపి అవమానాన్ని గుర్తుచేస్తుంది. విమర్శకులు ఈ ఘట్టంలో ప్రతీకారజ్వాలను చూశారు. రెండు పర్వాలను కలిపి చదివితే మరో అర్థం తోస్తుంది. తన జుట్టుపై మరొకరి చేయి బలవంతంగా పడడాన్ని ద్రౌపది ఎన్నడూ చిన్నవిషయంగా తీసుకోలేదు. జుట్టుపై ఎవరి చేయి పడాలో నిర్ణయించే హక్కు తనదేనన్నది ఆమె వాదం.

4. పోతన కుబ్జ – సరిచేసిన దేహం:
భాగవత దశమస్కంధంలో కృష్ణుడు మథురావీథిలో కలిసిన కుబ్జ మూడుచోట్ల వంగిన దేహం కలది. కంసుడికి మైపూతలు సిద్ధంచేసే పనిలో నేర్పరి, రాజు మెప్పు పొందినది. భాగవతమూలం ఆమెను మరొకచోట సైరంధ్రి అనే పేర్కొంటుంది. అంటే భారతంలోని సైరంధ్రికి ఆమె వృత్తిలో సహోదరి. పోతన అనువాదం ద్వారా ఈ పాత్ర తెలుగువారికి సుపరిచితమైంది.

కుబ్జలో గమనించవలసిన అంశం ఆమె నైపుణ్యం. వంగిన దేహంతోనే ఆమె రాజుగారి అలంకరణకు ప్రమాణమైంది. సుగంధాల పాళ్లు ఆమె చేతికి తెలుసు. అంతటి నేర్పరి తనను తాను ఎలా అలంకరించుకునేదో కథ చెప్పదు. కృష్ణుడు ఆమె పాదాలపై తన పాదాలుంచి, గడ్డం కింద వేళ్లతో పైకెత్తి దేహాన్ని నిటారు చేస్తాడు. ఆ తరువాతే ఆమె కోరిక కథలోకి వస్తుంది. భక్తిదృష్టితో ఇది అనుగ్రహం. ఆ అర్థాన్ని తోసిపుచ్చవలసిన పనిలేదు. అయితే కథాక్రమం ఒక విషయాన్ని స్థిరపరుస్తుంది: దేహం సరి అయితేనే సౌందర్యానికి అర్హత. ఇతరులను అలంకరించడానికి వంగిన నడుము అడ్డుకాలేదు. తాను అలంకరించుకోవడానికి మాత్రం అది అడ్డయింది.

ఈ క్రమం నేటికీ పనిచేస్తున్నది. వైకల్యమున్న స్త్రీని సమాజం తేరిపార చూస్తుందే తప్ప స్త్రీగా చూడదని వైకల్య అధ్యయనాలు చెబుతున్నాయి. భారతీయ వికలాంగస్త్రీల దేహానుభవాన్ని శాస్త్రీయచర్చలోకి తెచ్చినవారిలో అనితా ఘాయ్ ప్రముఖులు. 2003లో వెలువడిన ఆమె గ్రంథం ఈ రంగంలో మైలురాయి. ‘నీకెందుకమ్మా ఇంత జడ’ అనే మాటలో జాలి వినిపిస్తుంది. దాని లోపల ఉన్నది మాత్రం కుబ్జకథలోని ఆ పాత షరతే.

5. కత్తెర – ఎవరి సౌకర్యం?
స్త్రీవాదసాహిత్యం జడను ప్రశ్నించింది. దేహం ఎలా రాజకీయక్షేత్రం అవుతుందో చూపిన ఓల్గా ‘రాజకీయ కథలు’ సంపుటిలో ‘సీత జడ’ అనే కథ ఉండడం యాదృచ్ఛికం కాదు. స్త్రీ విలువను జడపొడవుతో కొలిచే సమాజంలో జుట్టు కత్తిరించుకోవడం స్వేచ్ఛాప్రకటన కాగలదు. ఈ వాదం బలమైనదే. కానీ దీనిని వైకల్యమున్న స్త్రీకి యథాతథంగా వర్తింపజేయడం కుదరదు. ఆమె జుట్టును చాలాసార్లు ఆమె కత్తిరించుకోదు, ఇతరులు కత్తిరిస్తారు. పేలుపడతాయని, నీళ్లు మోయలేమని, తీరిక లేదని కారణాలుంటాయి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడం తెలుగునాట శతాబ్దాల ఆచారం. స్త్రీలూ ఇష్టంతో మొక్కు తీర్చుకుంటారు. అయితే ఆరోగ్యం కోసం కూతురి పేరున తల్లిదండ్రులు మొక్కుకున్నప్పుడు మొక్కినవారు ఒకరు, జుట్టు ఇచ్చేవారు మరొకరు. ఆమెను అడిగారా లేదా అన్నదే అక్కడ తేడా.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, సమానత్వాన్నీ గౌరవజీవనాన్నీ హక్కుగా ప్రకటించింది. వేతనంతో గానీ వేతనం లేకుండా గానీ తోడ్పడే కుటుంబసభ్యులను కూడా సంరక్షకులుగా నిర్వచించింది. అంతకుముందు 2007లో భారతదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక తన ఎంపికలు తానే చేసుకునే స్వేచ్ఛను మూలసూత్రంగా పేర్కొంది. ఆంధ్రప్రదేశ్‌లో మంచానికే పరిమితమైనవారికి 2024 నుంచి నెలకు రూ.15,000 పింఛను అందుతున్నది. సంరక్షణ అవసరం చట్టంలోకీ ప్రభుత్వలెక్కల్లోకీ వచ్చింది. జడవంటి చిన్నకోరిక మాత్రం ‘అవసరం కాదు’ అనే గడి వద్దే ఆగిపోతున్నది.

ఇక్కడ సంరక్షకుల పక్షాన్ని విస్మరిస్తే విమర్శ అసంపూర్ణమవుతుంది. వేటకు వెళ్లిన పడవ వచ్చేవేళకు చేపలతట్టతో తీరంలో ఉండవలసిన తల్లికి కూతురి చిక్కుతీయడానికి గంటసేపు దొరకడం కష్టం. ఆమె కత్తెర తీసుకుంటే అది క్రూరత్వం కాదు, అలసట. అందువల్ల ప్రశ్న తల్లికీ కూతురికీ మధ్య తీర్పుచెప్పేది కాదు. కాయలుకాచిన చేతుల బరువును మరికొన్ని చేతులు ఎందుకు పంచుకోవడం లేదన్నది అసలు ప్రశ్న. జడవేయడం ఆడవారి పనే అన్న నియమం సడలి, తండ్రీ అన్నదమ్ములూ దువ్వెన పట్టుకుంటే కత్తెర అవసరం చాలా ఇళ్లలో తగ్గుతుంది.

6. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. తెలుగుకావ్యాల్లో కేశశ్రమ సేవకురాలి పాత్రల ద్వారానే కనిపిస్తుంది. నాయిక జడవర్ణనలో ఆ శ్రమ మరుగునపడుతుంది. విరాటపర్వకథ ఆ మరుగును తొలగించే అరుదైన సందర్భం.
2. కుబ్జకథ వైకల్యమున్న స్త్రీ నైపుణ్యాన్ని అంగీకరించి, ఆమె సౌందర్యకాంక్షను మాత్రం దేహం సరి అయ్యేవరకు వాయిదావేస్తుంది.
3. జుట్టు ఉంచుకోవడం గానీ కత్తిరించుకోవడం గానీ స్వతహాగా స్వేచ్ఛ కాదు. నిర్ణయం ఎవరిదన్నదే స్వేచ్ఛకు కొలమానం.
4. సంరక్షణ పొందేవారి ఇష్టం, సంరక్షించేవారి శ్రమ ఒకదానికొకటి శత్రువులు కావు. రెండింటినీ కలిపి చదివే పద్ధతి తెలుగువిమర్శకు అవసరం.

సైరంధ్రి జుట్టు తీర్చేది, తన పనికి హద్దులూ చెప్పేది. వైకల్యంతో జీవించే స్త్రీకి కూడా తన జుట్టును మరొకరి చేతికి ఇస్తూనే హద్దులు చెప్పే హక్కుంది. ఎలా దువ్వాలో, ఎంత పొడవు ఉంచాలో, ఎప్పుడు ఆపాలో ఆమె చెప్పాలి. అప్పుడు ‘జుట్టు చేతిలో ఉండడం’ అనే జాతీయం ఆధిపత్యాన్ని కాక నమ్మకాన్ని సూచిస్తుంది.